వృద్ధాప్య పింఛనుకు చట్టం చేయండి: రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల గౌరవ సభ్యులకు,

నమస్కారాలు.

నేను గుంటూరు జిల్లాలోని ఒక గ్రామంలో ఉంటున్న విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయినిని. పేద వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పింఛను గురించి మన సమాజంలో రోజురోజుకూ బలపడుతున్న ఒక చిన్నచూపును, అది బలపడటంలో మీ సభలకున్న పాత్రను మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఏ ఒక్క పార్టీనీ వెనకేసుకురావడానికో, తప్పుపట్టడానికో రాస్తున్నది కాదు. నేను చెప్పబోయే విషయంలో అధికారంలో ఉన్నవారి తీరూ, ప్రతిపక్షంలో ఉన్నవారి తీరూ ఒకటిగానే ఉంటూ వచ్చాయి.

పెళ్లి భోజనాల దగ్గర, రైలు ప్రయాణాల్లో, పొద్దున్నే నడకకు వెళ్లేవారి కబుర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాటలు మీకూ తెలిసే ఉంటాయి. పన్నులు కట్టేది మేమైతే తినేది వాళ్లని ఒకరంటారు. ఇంట్లో కూర్చోబెట్టి నాలుగు వేలు చేతిలో పెడితే ఇక కూలికి ఎవరొస్తారని ఇంకొకరంటారు. కొడుకులు ఉండగా ప్రభుత్వం ఎందుకు పోషించాలని మరొకరంటారు. ఇలా మాట్లాడేవారు మనసులేనివారేమీ కారు. వారిలో నాతో కలిసి పనిచేసినవారు, నాలాగే ప్రతి నెలా ఖజానా నుంచి పింఛను అందుకునేవారు చాలామంది ఉన్నారు. సాటి మనిషి కష్టానికి కరిగిపోయే ఈ మంచి మనుషులకు పేద వృద్ధుల పింఛను మాత్రం దండగ ఖర్చుగా ఎందుకు కనిపిస్తోందన్నది నన్ను చాలాకాలంగా ఆలోచనలో పడేసిన విషయం.

నా పింఛనును ఎవరూ ఆ మాట అనరు. 1980 నాటి సవరించిన పింఛను నిబంధనల ప్రకారం అది నాకు వస్తుంది. ధరలు పెరిగినప్పుడు కరవు భృతి కలుస్తుంది. నా పిల్లలకు కారు ఉందా, మా ఇంట్లో కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతోంది అని ఎవరూ ఆరా తీయరు. ఏటా ఒకసారి నేను బతికే ఉన్నానని ధ్రువీకరిస్తే చాలు. ఎన్నికల్లో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అది ఆగుతుందన్న భయం నాకు లేదు. 1982 డిసెంబరు 17న, డి.ఎస్. నకారా అనే విశ్రాంత ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది యజమాని దయతలచి ఇచ్చే బహుమానం కాదని, ఉద్యోగికి దాని మీద హక్కు ఉందని తేల్చి చెప్పింది. ఆ రోజును మా సంఘాలు ఇప్పటికీ ఏటా పెన్షనర్ల దినోత్సవంగా జరుపుకుంటాయి. నా పింఛనుకు సమాజంలో ఉన్న గౌరవం నేను పిల్లలకు చదువు చెప్పినందువల్ల మాత్రమే వచ్చింది కాదు. దాని వెనుక చట్టం ఉన్నందువల్ల వచ్చింది.

మా వీధిలో ఉండే ఒక మామ్మ విషయం చూడండి. తన బతుకులో ఎక్కువ భాగం ఆమె మిరప తోటల్లో కోతకు వెళ్లింది, కల్లాల్లో కాయలు ఆరబోసింది, కోత లేని రోజుల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. ఆ పని చేసినవారికి సాయంత్రం అన్నం కలుపుకున్నా చేతులు మండుతాయి, కళ్లు నలిపితే రాత్రంతా నిద్ర ఉండదు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డని మనం గొప్పగా చెప్పుకునే గుంటూరు యార్డుకు చేరిన సరుకులో ఆమె చేతుల మీదుగా వెళ్లిందెంతో ఎవరూ లెక్క కట్టలేదు. ఆమెకు పీఎఫ్ ఖాతా లేదు, ఏ యజమానీ ఆమె పేరు మీద ఒక్క రూపాయి జమ చేయలేదు, ఏ రైతు దగ్గర ఎన్నేళ్లు పనిచేసిందో చెప్పే కాగితం లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చినప్పుడు, ఆమె చీర కొంగుతో వేలు తుడుచుకుని యంత్రం మీద పెడుతుంది. పడదు. "మామ్మా, ఇంకో వేలు పెట్టు, గట్టిగా నొక్కు" అంటాడు ఆ అబ్బాయి ఓపికగా. ఒక్కో వేలూ మార్చుకుంటూ పోతే ఎప్పటికో ఒకటి పడుతుంది, లేదంటే ముఖాన్ని ఫోటో తీసి సరిచూస్తాడు. ఏళ్ల తరబడి పనిచేసి అరగదీసుకున్న ఆ వేళ్లే ఆమె పనిచేసిందనడానికి ఉన్న ఏకైక రుజువు. నోట్లు చేతికి రాగానే బీపీ, షుగరు మందులకు కొంత, కిరాణా కొట్టు బాకీకి కొంత పక్కన పెట్టి, మిగిలింది కోడలి చేతికిస్తుంది. ఆమె కోడలు మంచిదే. కానీ ఆ డబ్బు ఇస్తున్నప్పుడు మామ్మ ముఖంలో కనిపించే నిబ్బరం నెలలో మిగిలిన రోజుల్లో నాకు కనిపించదు.

వ్యవసాయంలో, ఇళ్ల నిర్మాణంలో, బీడీలు చుట్టడంలో, మగ్గం మీద, ఇతరుల ఇళ్లలో పనిచేస్తూ ముసలితనానికి చేరుకున్న మనుషులే ఈ దేశంలో ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై ఏళ్లు దాటినవారు దేశంలో పది కోట్లకు పైగా ఉన్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో వారి వాటా ఇతర ప్రాంతాల కంటే వేగంగా పెరుగుతోంది. పిల్లల్ని ఎక్కువగా కనమని మన నాయకులు సభల్లో చెబుతున్నారు గానీ, ఇప్పటికే ముసలివారైన వారిని, రేపు కాబోయేవారిని ఎలా చూసుకుంటామన్న దాని మీద అంతటి పట్టుదల వినిపించడం లేదు.

వృద్ధులకు, జబ్బుపడినవారికి ప్రభుత్వ సహాయం అందేలా రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం చెబుతోంది. దాన్ని దేశవ్యాప్త పథకంగా మలచడానికి 1995 ఆగస్టు 15 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. దాన్ని 2006లో 200 చేశారు, 2011లో అర్హత వయసును అరవైకి తగ్గించి ఎనభై దాటినవారికి 500 అన్నారు. అరవైకీ ఎనభైకీ మధ్య ఉన్నవారికి ఆ 200 తర్వాత కేంద్రం వాటా పైసా కూడా పెరగలేదు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక రోజు కూలిలో మూడింట రెండొంతులను కేంద్రం నెలరోజుల బతుకుకు ఇస్తోంది. పార్లమెంటు స్థాయీ సంఘాలు పెంచమని పదేపదే సిఫార్సు చేసినా ఆ అంకె కదలలేదు.

రాష్ట్రాలు ఆ లోటును చాలావరకు పూడ్చాయి, అది నిజంగా గొప్ప పని. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరులో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, అదే ఏడాది జులైలో 2,250, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా 2024 జనవరికి మూడు వేలు, 2024లో నాలుగు వేలు అయింది. తెలంగాణలో 2014 నవంబరులో వెయ్యితో మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో నాలుగు వేల హామీ ఇచ్చినా, రెండేళ్లు గడిచాక కూడా ఆ పెంపు అమలు కాలేదు. కృష్ణా నదికి ఇవతలి ఒడ్డున ఉన్న ముసలమ్మకు ఉపాధి హామీ లెక్కలో పదమూడు రోజుల కూలి, అవతలి ఒడ్డున ఉన్న ముసలమ్మకు ఏడు రోజుల కూలి కూడా లేదు. వీరిద్దరి ఆకలికీ తేడా లేదు. తేడా అంతా ఆయా రాష్ట్రాల ఎన్నికల్లో ఎవరు ఎంత హామీ ఇచ్చారు, గెలిచాక ఎంత నిలబెట్టుకున్నారు అన్న దాంట్లోనే ఉంది.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా నమ్మకం. మన రాష్ట్రాల్లో పింఛను మొత్తం ఎన్నికలప్పుడు వేలంపాటలా పెరుగుతుంది. ఒకరు రెండంటే ఇంకొకరు మూడంటారు, మరొకరు నాలుగంటారు. ఎన్నికలు ముగిశాక ఐదేళ్లపాటు ధరలు ఎంత పెరిగినా ఆ అంకె కదలకపోవచ్చు, లేదా అధికారంలో ఉన్నవారు తమకు అనువైన వేళ చూసి పెంచవచ్చు. ఎన్నికల ముందు ఇచ్చే దాన్ని జనం ఓటు కోసం ఇచ్చేదిగానే చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు ఎన్టీఆర్ భరోసా నుంచి వైఎస్సార్ పింఛను కానుకగా, మళ్లీ ఎన్టీఆర్ భరోసాగా మారింది. పేరుతోపాటు పింఛను పుస్తకం మీద బొమ్మ మారింది, గోడల మీద రంగు మారింది. ఒకటో తేదీన నాయకులు స్వయంగా ఇళ్లకు వెళ్లి డబ్బు చేతిలో పెట్టి ఫోటోలు దిగుతున్నారు. పన్ను కట్టే మధ్యతరగతి మనిషి ఆ ఫోటో చూసి, తన డబ్బుతో ఎవరో పేరు తెచ్చుకుంటున్నారని చిరాకు పడితే అందులో ఆశ్చర్యమేముంది? ఆ కోపం నాయకుడి మీదికి వెళ్లదు. డబ్బు అందుకుంటున్న ముసలామె మీదికి వెళుతుంది.

2024 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది ఇంకా మరిచిపోలేదు. అప్పటిదాకా ఇళ్లకే పింఛను తెచ్చిచ్చిన వాలంటీర్లు ఇక పింఛన్లు పంచకూడదని మార్చి చివర్లో ఎన్నికల సంఘం ఆదేశించాక, ఏప్రిల్‌లో సచివాలయాల ముందు, మే నెలలో బ్యాంకుల ముందు వృద్ధులు మండే ఎండలో నిలబడాల్సి వచ్చింది. అందుకు కారణం మీరంటే మీరని పార్టీలు నిందించుకున్నాయి. ఆ వరుసలో నేనూ ఉండాల్సి వచ్చి ఉంటే ఎలా ఉండేదని ఆలోచించాను. అలాంటి పరిస్థితి నాకు ఎప్పటికీ రాదు. నా పింఛనుకూ, ఎన్నికల నియమావళికీ సంబంధం లేదు. పేద వృద్ధుల పింఛనుకు మాత్రం ఆ సంబంధం ఎందుకు ఉండాలో దయచేసి ఎవరైనా వివరించండి.

చిన్నచూపు చూసేవారి సంగతి ఒక ఎత్తు, పింఛను అందుకునేవారి మనసులో ఏముందన్నది ఇంకో ఎత్తు. మా ఊళ్లో ఎవరిని అడిగినా పింఛను ప్రభుత్వం ఇస్తోందని అనరు, ఫలానా ఆయన ఇస్తున్నాడంటారు. అధికారం మారితే ఆగిపోతుందేమోనని భయపడతారు. ఓటు ఎటు వేశామో తెలిసిపోతుందేమో, పేరు తీసేస్తారేమో అని చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చి గొంతు తగ్గించి అడిగినవారున్నారు. అరవై ఏళ్లు కష్టపడి బతికిన మనిషి తన ఓటు గురించి ఇలా వణకడం నాకు చాలా బాధ కలిగించింది. ఓటరు ప్రభుత్వానికి రుణపడి ఉండటం ప్రజాస్వామ్యంలో తలకిందులైన సంబంధం. పింఛను పథకాల పేరిట మనం దాన్ని మామూలు విషయంగా చేసేశాం.

ఖర్చు గురించి ఆందోళన చెందేవారి మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు, నేత కార్మికులు, ఇతర వర్గాలవారు కలిపి అరవై లక్షలకు పైగా పింఛనుదారులకు నెలకు దాదాపు 2,700 కోట్ల రూపాయలు అవుతోంది. ఇది చిన్న మొత్తం కాదు, రోడ్లకూ బడులకూ డబ్బు కావాలనడం తప్పు కాదు. అయితే పన్ను కట్టేది మేమే అన్న వాదనలో పస లేదు. మా మామ్మ కొనే సబ్బు మీద, నూనె ప్యాకెట్టు మీద, మందుబిళ్ల మీద పన్ను ఉంది. ఇక పనికి రాకుండా పోతున్నారన్న వాదన ఇంకా బలహీనమైనది. డెబ్బై ఏళ్ల మనిషి ఎండలో కోతకు రాకపోవడం మనం బాధపడాల్సిన విషయమా? వచ్చే పరిస్థితి ఉంటేనే బాధపడాలి.

కొడుకులు చూసుకోవాలన్న మాటకు కొంత బలం ఉంది. నేనూ అలాగే అనుకుంటాను. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టమే చేశారు, ఆర్డీవో స్థాయిలో ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేసుకుంటే నెలకు పది వేల రూపాయల వరకు భరణం ఇప్పించే వీలు కల్పించారు. కానీ కన్నకొడుకు మీద ఫిర్యాదు రాసి, ఆ కాగితం పట్టుకుని ఆర్డీవో కార్యాలయం మెట్లు ఎక్కగలిగే తల్లి ఎంత గుండె రాయి చేసుకోవాలో ఊహించండి. అదీగాక ఆ కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో తాపీ పనిచేస్తూ, తన పిల్లల బడి ఫీజుకే అప్పు చేస్తున్నవాడైతే, అతడి నుంచి ఏ ట్రైబ్యునల్ ఎంత రాబట్టగలదు? పింఛను వచ్చాక మా ఊళ్లో కుటుంబాలు విడిపోలేదు. ముసలివారు భారమన్న మాట కొంత తగ్గింది.

అనర్హులను ఏరివేయడం అవసరమే. కానీ ఏరివేతకు పెట్టిన షరతులు అర్హులైనవారినే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయి. కరెంటు మూడు వందల యూనిట్లు దాటకూడదన్న నిబంధన ఉంది, ఒకే మీటరు మీద ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు ఉంటే ఆ లెక్క తప్పుతుంది. ఇంట్లో మరొకరికి పింఛను వస్తోందని వృద్ధ దంపతుల్లో ఒకరికి ఆపుతారు, ఇద్దరూ విడివిడిగా కష్టపడి ముసలివారైనా ఒకరికే ముసలితనం వచ్చినట్టు లెక్క. (భర్త చనిపోయిన మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో చేశారు, అది మంచి మార్పు. కానీ ఆమెకు పింఛను రావడానికి ఆయన పోవాల్సి రావడం ఎలాంటి న్యాయం?) ఆధార్ కార్డుల్లో పుట్టిన తేదీ జనవరి ఒకటి అని ఉన్న వృద్ధులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. పుట్టిన తేదీ తెలియనివారి వయసును నమోదు కేంద్రంలో అంచనాగా వేసినందువల్ల అలా వచ్చింది. ఆ అంచనా ఆరేడేళ్లు తగ్గితే అర్హత ఆరేడేళ్లు వెనక్కి పోతుంది. దాన్ని సరిచేయించడానికి కావాల్సిన కాగితాలు బడి ముఖం చూడనివారి దగ్గర ఉండవు. ఇలాంటి దరఖాస్తులు రాసిపెట్టడం నాకు అలవాటైన పని. ఎందుకు తిరస్కరించారో ఒక్క వాక్యంలోనైనా కారణం రాసిన కాగితం చాలా అరుదుగా చూశాను.

ఇప్పుడు నేను మిమ్మల్ని కోరుతున్నది ఏమిటో చెబుతాను. వృద్ధాప్య పింఛనును ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడిచే పథకంగా కాకుండా చట్టబద్ధమైన హక్కుగా మార్చండి. ఇది ఎవరూ చేయని పని కాదు. రాజస్థాన్ శాసనసభ 2023 జులైలో కనీస ఆదాయ హామీ చట్టాన్ని ఆమోదించి, అందులో పింఛనును ఏటా పదిహేను శాతం చొప్పున తనంతట తానే పెరిగేలా రాసింది. మన పరిస్థితికి ఆ శాతం ఎక్కువనిపిస్తే ధరల సూచీకి ముడిపెట్టండి, మా విశ్రాంత ఉద్యోగులకు చేసినట్టే. ఎంత ఇవ్వాలన్న దాని మీద మీరు వాదించుకోవచ్చు. పేద వృద్ధుల పింఛను కోసం పోరాడే పింఛను పరిషత్ తరఫున అరుణా రాయ్, బాబా ఆఢావ్ వంటివారు కనీస వేతనంలో సగమైనా ఇవ్వాలని ఏళ్ల తరబడి అడిగారు. ఖజానా అంత మోయలేకపోతే తక్కువతో మొదలుపెట్టండి. నా అభిప్రాయంలో, ఎన్నికల్లో ఊగే పెద్ద అంకె కంటే ఏటా తప్పకుండా పెరిగే మధ్యస్థమైన అంకె వృద్ధులకు ఎక్కువ మేలు చేస్తుంది. హామీల పోటీలో నలిగిపోతున్న మీకూ అది ఊరటే.

ఆ చట్టంలో పింఛను మనిషికి చెందాలి, కుటుంబానికి కాదు. ఆదాయపు పన్ను కట్టేవారిని, నాలాగా ప్రభుత్వ పింఛను అందుకునేవారిని మినహాయించి, మిగిలిన షరతులను వీలైనంత తగ్గించండి. ఎవరి పింఛను ఆపాలన్నా ముందుగా కారణం రాసి ఇవ్వాలి, అప్పీలుకు ఒక అధికారి, ఒక గడువు ఉండాలి, అప్పీలు తేలేదాకా డబ్బు ఆగకూడదు. పథకానికి గతించిన నాయకుల పేర్లు గానీ, బతికున్న నాయకుల పేర్లు గానీ పెట్టకూడదని, పుస్తకాల మీద బొమ్మలు వేయకూడదని ఆ చట్టంలోనే రాయండి. ఇది మీకు అన్నిటికంటే కష్టమైన కోరికని నాకు తెలుసు. అయినా పింఛను పట్ల జనం చూపు మారాలంటే ఈ ఒక్క నిబంధన చేసే పని మిగతావన్నీ కలిసినా చేయలేవనిపిస్తోంది. 2018 డిసెంబరులో, వృద్ధుల హక్కుల కోసం కేంద్ర మాజీ న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ వేసిన కేసులో సుప్రీంకోర్టు వృద్ధుల గౌరవప్రదమైన జీవనాన్ని హక్కుగా గుర్తించి, పింఛను మొత్తాలను మళ్లీ పరిశీలించమని కేంద్రానికి సూచించింది. ఆ మాటకు మన రాష్ట్రాల్లో ఒక చట్టరూపం ఇచ్చే అవకాశం మీ చేతుల్లో ఉంది.

దానితోపాటు రెండు రాష్ట్రాల శాసనసభలూ ఏకగ్రీవంగా తీర్మానం చేసి, కేంద్రం తన 200 రూపాయల వాటాను పెంచాలని, తాను వాటా ఇచ్చే లబ్ధిదారుల సంఖ్యకు పెట్టిన పరిమితిని పాత లెక్కల మీద కాకుండా నేటి వృద్ధుల సంఖ్య మీద నిర్ణయించాలని అడగండి. నీళ్ల మీద, నిధుల మీద మీ రెండు ప్రభుత్వాలకూ ఎన్ని తగవులున్నా ఈ ఒక్క విషయంలో కలిసి ఢిల్లీకి వెళ్లడానికి అడ్డేమీ లేదు.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఈ బిల్లును ప్రవేశపెట్టాలని అధికార పక్షాన్ని, అది రాకపోతే ప్రైవేటు సభ్యుల బిల్లుగానైనా తేవాలని ప్రతిపక్షాన్ని, చర్చ రోజున సభలోనే ఉండి మాట్లాడాలని సభ్యులందరినీ కోరుతున్నాను. ముసాయిదా మీద ప్రజల అభిప్రాయం అడిగే పక్షంలో, పింఛనుదారుల దగ్గరికి వెళ్లి వారి మాటలను వారు చెప్పినట్టే రాసి పంపడానికి మా మండలంలోని విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం సిద్ధంగా ఉన్నాం.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా